షుగర్ ఎలుకల్లో మెదడు రక్షణ ప్రయోగం: ఆకు కాపాడిందా, షుగర్ తగ్గడం కాపాడిందా?

కొరటూరు_కీర
ఎం.ఫార్మసీ రెండో ఏడు ప్రాజెక్టు, చెన్నైలోనే. మగ విస్టార్ ఎలుకలకు స్ట్రెప్టోజోటోసిన్‌తో (క్లోమంలో ఇన్సులిన్ చేసే బీటా కణాలను చంపే మందు) షుగర్ తెప్పించి, బ్రాహ్మి సారం, కర్క్యుమిన్ ఇచ్చి, జ్ఞాపకశక్తి ఎంత నిలిచిందో చూడాలి. ఐదు గుంపులు, గుంపుకు 6 ఎలుకలు: మామూలువి, షుగర్‌వి, షుగర్‌తో పాటు బ్రాహ్మి 200 మి.గ్రా./కిలో, షుగర్‌తో పాటు కర్క్యుమిన్ 100 మి.గ్రా./కిలో, రెండూ కలిపి ఇచ్చేవి. నాలుగు వారాలు. చివర మోరిస్ వాటర్ మేజ్ (కొలనులో నీటి కింద దాచిన మెట్టును ఎలుక గుర్తుపెట్టుకుని చేరే పరీక్ష), ఆ తర్వాత జ్ఞాపకానికి కీలకమైన మెదడు భాగం హిప్పోక్యాంపస్‌లో ఎసిటైల్‌కోలినెస్టరేజ్ ఎంజైము, ఎండీఏ (ఆక్సీకరణ నష్టానికి గుర్తు), గ్లూటాథయోన్ (ఆ నష్టాన్ని అడ్డుకునే థయోల్). జంతు నైతిక సంఘానికి ఫారం బి (ప్రయోగ అనుమతి దరఖాస్తు) పెట్టాలి. ఎక్కడ పట్టుకుంటారో ముందే చెప్పండి, మొహమాటం వద్దు.

నిదానంగా
మొహమాటం వద్దన్నారు కదా, అయితే వినండి. మీ ఐదు గుంపుల్లో ఇన్సులిన్ గుంపు లేదు. అది లేకపోతే ఈ ప్రయోగానికి మీరు పెట్టబోయే పేరే నిలబడదు.

కర్క్యుమిన్ ఇచ్చిన ఎలుకకు మేజ్‌లో బాగా గుర్తుందనుకోండి. దాని గ్లూకోజు కూడా 420 నుంచి 280కి దిగింది. ఇప్పుడు మెదడును కాపాడింది కర్క్యుమినా, తగ్గిన గ్లూకోజా? మీ దగ్గరున్న లెక్కలతో తేలదు. ఇన్సులిన్‌తో గ్లూకోజును అంతే మట్టానికి తెచ్చిన గుంపు ఒకటి పక్కన ఉండాలి. ఆ గుంపుకంటే ఆకు గుంపు మెరుగ్గా ఉంటేనే ‘మెదడుకు నేరుగా రక్షణ’ అనే మాట వాడండి. లేదంటే ‘షుగర్ తగ్గింది, దాంతో మెదడూ కుదుటపడింది’ అని రాయండి. అది కూడా మంచి ఫలితమే, కాకపోతే వేరే ఫలితం.

రెండోది, నాలుగు వారాలు చాలవు. ఈ మోడల్‌లో మేజ్ లోపం గట్టిగా కనబడేది 8 నుంచి 10 వారాలకు. నాలుగో వారంలో కనబడే తేడా చాలామటుకు నీరసం, బరువు తగ్గడం. నెదర్లాండ్స్‌లో ఉట్రెక్ట్ బృందం 1998లో ఇచ్చిన ఫలితం చదవండి. షుగర్ వచ్చిన మొదటి రోజుల నుంచే ఇన్సులిన్ ఇస్తే మేజ్‌లో లోపం రాలేదు. ఆలస్యంగా మొదలుపెడితే ఆ లోపం పోలేదు. కాబట్టి సారం షుగర్ తేలిన రోజు నుంచే ఇస్తున్నారా, ఆరు వారాలు ఆగి ఇస్తున్నారా అన్నది ఫారంలో స్పష్టంగా ఉండాలి. మొదటిది నివారణ, రెండోది చికిత్స. మధ్యలో ఎక్కడో మొదలుపెట్టి రెండు మాటలూ వాడేస్తుంటారు.

మామూలు ఎలుకకు సారం మాత్రమే ఇచ్చిన గుంపు కూడా కావాలి. బ్రాహ్మి షుగర్ లేని ఎలుకకూ జ్ఞాపకాన్ని పెంచుతుంది. ఆ పెంపును మీరు షుగర్ ఖాతాలో వేస్తున్నారు.

ఆరేసి ఎలుకలతో మేజ్ చేస్తే గుంపుల గీతలు ఒకదాని మీద ఒకటి పడతాయి గానీ ఏదీ తేలదు. పది వారాల్లో కొన్ని చనిపోతాయి, కొన్ని గ్లూకోజు హద్దు దాటక పక్కకు పోతాయి. గుంపుకు 12తో మొదలుపెట్టండి. సంఖ్య పెరిగిందని సంఘం అడుగుతుంది, పవర్ లెక్క (తేడా తేలాలంటే ఎన్ని ఎలుకలు కావాలో చూపే గణాంకం) జతచేయండి. ‘రెండూ కలిపి’ గుంపు మాత్రం తీసేయండి. ఒక్కోటి ఏం చేస్తుందో తేలకముందు కలిపితే ఏమవుతుందని అడగడం తొందర.

తారామణి_టీ
మోడల్ విషయంలో ఒక్క మాట. చాలా పేపర్లలో స్ట్రెప్టోజోటోసిన్‌ను నేరుగా మెదడు కోష్ఠాల్లోకి, 3 మి.గ్రా./కిలో చొప్పున ఇస్తారు. దానివల్ల రక్తంలో గ్లూకోజు పెరగదు. మెదడులో ఇన్సులిన్ సంకేతం దెబ్బతింటుంది, అందుకే దాన్ని అల్జీమర్స్ మోడల్‌గా వాడతారు. పొట్టలోకి ఇచ్చే మోడల్‌తో దాన్ని కలిపి ‘డయాబెటిక్ ఎన్‌సెఫలోపతి’ (షుగర్ వల్ల మెదడు దెబ్బతినడం) అని ఒకే పేరాలో రాస్తే పరీక్షకులు అక్కడే ఆగిపోతారు. 2005లో అమెరికాలో పుట్టిన ‘టైప్ 3 డయాబెటిస్’ అనే మాట (అల్జీమర్స్‌ను మెదడు షుగర్‌గా చూసే పేరు) వచ్చాక ఈ గందరగోళం మరీ ఎక్కువైంది.

టైప్ 2కు దగ్గరగా కావాలంటే కొవ్వు ఎక్కువున్న మేత పెట్టి ఆపైన 35 మి.గ్రా./కిలో చిన్న డోసు, లేదా నికోటినమైడ్ 110 మి.గ్రా./కిలో ఇచ్చి పావుగంట ఆగి స్ట్రెప్టోజోటోసిన్. రెండోది సులువు, కానీ షుగర్ తేలిగ్గా ఉంటుంది, మెదడు లోపం రావడానికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది.

కొరటూరు_కీర
పొట్టలోకి ఇచ్చేదే, 50 మి.గ్రా./కిలో ఒక్క డోసు. సీనియర్ల బ్యాచ్‌లో సగం ఎలుకలకు షుగరే రాలేదు, మిగతావాటిలో నాలుగు మొదటి రాత్రే పోయాయి. సీసా పాతదని అనుకున్నారు.

నిదానంగా
సీసా పాతది కాకపోవచ్చు, తీసిన తీరు తప్పయ్యుండొచ్చు. ఇది చెన్నైలో ప్రత్యేకంగా చూసుకోవాల్సిన సంగతి. మైనస్ 20లో ఉన్న సీసాను బయటికి తీసిన వెంటనే మూత తిప్పితే, ఇక్కడి గాలిలో తేమంతా పొడి మీద వాలుతుంది. రెండోసారి తీసేసరికి ముద్ద కట్టి ఉంటుంది. మూత తియ్యకుండా డెసికేటర్‌లో పెట్టి, గది వేడికి వచ్చాక, అంటే అరగంట తర్వాత తెరవండి. ఒకేసారి 30 మి.గ్రా. లెక్కన చిన్న గొట్టాల్లోకి తూచుకుని, రేకు చుట్టి, మళ్లీ మైనస్ 20లో పెట్టేస్తే పెద్ద సీసాను పదేపదే తెరవక్కర్లేదు.

సిట్రేట్ బఫర్ 0.1 మోలార్, పీహెచ్ 4.5, మంచు మీద చల్లగా ఉండాలి. పీహెచ్ కాగితంతో కాదు, ఆ రోజే సరిచూసిన మీటర్‌తో కొలవండి. పీహెచ్ పైకి పోతే మందు నిమిషాల్లో విరిగిపోతుంది. గొట్టంలో చిన్న చిన్న బుడగలు లేస్తుంటే అది విరుగుతున్నట్టే, ఆ గొట్టం పారేయండి. ఒక గొట్టం కలపడం, రెండు మూడు ఎలుకలకు ఇవ్వడం, మళ్లీ కొత్త గొట్టం. కలిపిన పది నిమిషాల్లో అయిపోవాలి. ముప్పై ఎలుకలకు సరిపడా ఒకేసారి కలుపుకుంటే మొదటి పదికి షుగర్ వస్తుంది, చివరి పదికి రాదు. ‘సగం ఎలుకలు’ అన్నారు కదా, ఆ సగం ఏ వరుసలో ఉన్నాయో రికార్డు పుస్తకంలో చూడండి.

లెక్క: 220 గ్రాముల ఎలుకకు 11 మి.గ్రా. మి.లీ.కి 25 మి.గ్రా. బలంతో కలిపితే 0.44 మి.లీ. ముందు 4–6 గంటలు మేత తీసేయాలి. ఈ మందు గ్లూకోజు వేషంలోనే గ్లట్2 ద్వారం గుండా బీటా కణంలోకి దూరుతుంది. కడుపు నిండా తిన్న ఎలుకలో అసలు గ్లూకోజే దానికి పోటీ.

మొదటి రాత్రి చావులు షుగర్ వల్ల కాదు, షుగర్ పడిపోయి. చచ్చిపోయే బీటా కణాలు తమలో ఉన్న ఇన్సులిన్ అంతా ఒక్కసారి వదిలేస్తాయి. మందు ఇచ్చాక 24 గంటలు తాగే నీళ్లలో 5 నుంచి 10 శాతం గ్లూకోజు కలిపి పెట్టండి, మేత వెనక్కి ఇచ్చేయండి. 72 గంటలకు ఒకసారి, 7వ రోజు ఇంకోసారి తోక రక్తం చూడండి. 250 మి.గ్రా. దాటినవే లోపలికి. గ్లూకోమీటర్ చాలావాటిలో 600 దాటితే అంకె రాదు, ‘హై’ అని వస్తుంది. అలాంటివాటికి 600 అని రాసేయకండి, ప్లాస్మా పలచన చేసి జీఓడీ-పీఓడీ కిట్‌తో (ల్యాబ్‌లో గ్లూకోజు కొలిచే ఎంజైము పరీక్ష) చూడండి.

ఇన్సులిన్ గుంపు గురించి ఇక్కడే చెప్పేస్తాను. మందుల షాపులో దొరికే వయల్ మనదేశంలో ఎక్కువగా మి.లీ.కి 40 యూనిట్లది. కార్ట్రిడ్జ్, పెన్ అయితే 100. సిరంజిలు కూడా రెండు రకాలు, 40కి ఎర్ర మూత, 100కు నారింజ మూత. వయల్ ఒకటి, సిరంజి ఇంకొకటి అయితే డోసు రెండున్నర రెట్లు అటో ఇటో పోతుంది. మనిషికే ప్రమాదం, ఎలుక తెల్లారేసరికి ఉండదు. ఎన్‌పీహెచ్ రకం (నెమ్మదిగా పనిచేసే) ఇన్సులిన్ ఎలుకకు రోజుకు 2 యూనిట్లతో మొదలుపెట్టి, గ్లూకోజు చూసుకుంటూ పెంచండి. పూర్తిగా మామూలుకు తేవక్కర్లేదు, సారం గుంపు ఎక్కడ ఆగిందో అక్కడికి తెస్తే చాలు. పోలిక కుదరాలంటే అదే మేలు కూడా.

అరుంబాక్కం_ఆకు
నేను గుంపుల దగ్గరికి పోను, ‘బ్రాహ్మి సారం’ అన్న మాట దగ్గరే ఆగిపోయాను. ఏ బ్రాహ్మి?

రాసప్ప చెట్టి వీధిలో నాట్టు మరుందు (మూలికల) కొట్టుకు పోయి బ్రాహ్మి అడిగితే రెండింటిలో ఏదైనా రావొచ్చు. ఒకటి బకోపా మొన్నియేరి, నీరుబ్రాహ్మి. రెండోది సెంటెల్లా ఏషియాటికా, మన సరస్వతి ఆకు, ఇక్కడి వల్లారై. బెంగళూరు నుంచి తెప్పిస్తే ఇంకో చిక్కు. అక్కడ ఒందెలగ అనేది సరస్వతి ఆకే, దాన్నే చాలామంది బ్రాహ్మి అంటారు. రెండూ జ్ఞాపకానికే వాడతారు కాబట్టి అమ్మేవాళ్లకు పట్టింపు ఉండదు. మీకు ఉండాలి. ఒకదానిలో బకోసైడ్లు, ఇంకోదానిలో ఏషియాటికోసైడ్, మడెకాసోసైడ్. ఒకదానికొకటి ప్రత్యామ్నాయం కాదు.

పచ్చిది అయితే చూడగానే తెలుస్తుంది. వల్లారైకి పొడుగాటి కాడ మీద ఒక్కటే గుండ్రటి ఆకు, మూత్రపిండం ఆకారం, అంచు పళ్లు పళ్లుగా. నీరుబ్రాహ్మి ఆకు వేలిగోరంత, మందంగా, కండగా, కాడ దాదాపు లేకుండా జంటలుగా ఎదురెదురు. కొరికితే చేదు. ఎండబెట్టి పొడి కొట్టాక మాత్రం కంటితో చెప్పలేం. అందుకే పొడి కొనొద్దు. పూతతో ఉన్న మొక్క తెచ్చి, హెర్బేరియం షీటు చేయించి, గుర్తింపు సర్టిఫికెట్ తీసుకోండి. అరుంబాక్కంలో సిద్ధ కేంద్ర పరిశోధన సంస్థ ఉంది. బెంగళూరు వైపు వాళ్లకైతే యలహంక దగ్గర ట్రాన్స్‌డిసిప్లినరీ యూనివర్సిటీ హెర్బేరియం.

ఇంకో మాట. నీరుబ్రాహ్మి మురుగు కాల్వ గట్టు మీద కూడా పచ్చగా పెరుగుతుంది, సీసం, కాడ్మియం బాగా పీల్చుకుంటుంది. కలుషిత నీటిని శుభ్రం చెయ్యడానికి దీన్ని వాడొచ్చా అని పరిశోధనలే జరిగాయి. మెదడును కాపాడే ప్రయోగంలో ఎలుకకు సీసం తాగిస్తే ఎలా? కుండీలో పెంచిన మొక్కే వాడండి, అయినా ఐసీపీ-ఎంఎస్ (లోహాల జాడ కొలిచే పరీక్ష) చేయించండి. హద్దులు సీసం 10 పీపీఎం, కాడ్మియం 0.3, ఆర్సెనిక్ 3, పాదరసం 1.

నీడన ఎండబెట్టమని అన్ని పుస్తకాల్లోనూ ఉంటుంది. కార్తీకంలో చెన్నైలో నీడన పెడితే ఎండదు, బూజు పడుతుంది. కండ గల ఆకు, మరీ త్వరగా. 40 డిగ్రీల ట్రే డ్రయ్యర్‌లో పెట్టండి.

గాజుపలక
పై మాటకు కొనసాగింపు. సారం బలం చెప్పకుండా ‘200 మి.గ్రా./కిలో’ అంటే అర్థం లేదు. 200లో బకోసైడ్లు ఎన్ని? 80 శాతం ఇథనాల్‌తో సాక్స్‌లెట్‌లో సారం తియ్యడం, రోటరీ ఎవాపొరేటర్‌లో 45 డిగ్రీలు దాటకుండా ఆరబెట్టడం, ఇంతవరకు మామూలే. ఆ తర్వాత హెచ్‌పీఎల్‌సీ (పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం). బకోసైడ్లకు రంగు పట్టే భాగం లేదు కాబట్టి 205 నానోమీటర్ల దగ్గరే చూడాలి. ఆ తరంగదైర్ఘ్యంలో మిథనాల్ కూడా పీల్చుకుంటుంది, అందుకని మొబైల్ ఫేజ్‌కు అసిటోనైట్రైల్ వాడండి. బకోసైడ్ ఏ అనేది ఒక్క పదార్థం కాదు, నాలుగు సాపోనిన్ల (నురగ పుట్టించే మొక్క పదార్థాలు) మిశ్రమం. ఒక్క శిఖరం చూపించి ‘బకోసైడ్ ఏ’ అని రాస్తే ఒప్పుకోరు.

కలుషితం లేదని తేలిగ్గా చూపాలంటే హెచ్‌పీటీఎల్‌సీ (పదార్థాలను మచ్చలుగా విడదీసే) పలక మీద పక్కపక్కన మీ సారం, బకోసైడ్ ప్రామాణికం, ఏషియాటికోసైడ్ ప్రామాణికం నడపండి. అనిసాల్డిహైడ్-సల్ఫ్యూరిక్ చల్లి 105 డిగ్రీల్లో వేడి చేస్తే మచ్చలు తేలతాయి. ఏషియాటికోసైడ్ ఎత్తులో మీ వరుసలో మచ్చ కనబడితే ఆ సారం పక్కన పెట్టేయండి.

మందులచీటీ
డోసు గురించి. ఎలుక డోసును 6.2తో భాగిస్తే మనిషి కిలోకి వచ్చే డోసు. బ్రాహ్మి 200 అంటే మనిషికి కిలోకి 32, అంటే 60 కిలోల మనిషికి దాదాపు 1.9 గ్రాముల సారం. ఆస్ట్రేలియాలో 2001, 2002ల్లో మనుషుల మీద జరిగిన రెండు పరీక్షల్లో ఇచ్చింది రోజుకు 300 మి.గ్రా. సారం, 12 వారాలు. వెనక్కి లెక్కేస్తే ఎలుకకు 31 మి.గ్రా./కిలో. కాబట్టి రెండు డోసులు పెట్టాలనుకుంటే 30, 100 పెట్టండి. 200లో ఫలితం వచ్చినా దాన్ని మింగే మనిషి దొరకడు, దొరికినా కడుపు ఊరుకోదు. సాపోనిన్లు కదా, వికారం, విరేచనాలు.

తారామణి_టీ
కర్క్యుమిన్ 100 కూడా అలాగే, మనిషికి గ్రాము దగ్గర పడుతుంది. చండీగఢ్ పంజాబ్ యూనివర్సిటీ వాళ్లు 2007లో షుగర్ ఎలుకల మెదడు మీద చూపించింది 60 మి.గ్రా./కిలోతోనే. మీరూ 60 పెడితే పోల్చుకోవడానికి వీలు.

వెంటనే వచ్చే ప్రశ్న, మెదడుకు చేరిందా? మింగిన కర్క్యుమిన్ పేగులో, కాలేయంలో గ్లూకురోనైడ్‌గా మారి బయటికి పోతుంది. ఈ విషయంలో అందరూ చెప్పే మిరియాల లెక్క పుట్టింది బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీలో, 1998లో. మనుషులకు 2 గ్రాముల కర్క్యుమిన్‌తో 20 మి.గ్రా. పైపెరిన్ ఇస్తే రక్తంలోకి చేరేది 2000 శాతం పెరిగింది. అదే పేపర్‌లో ఎలుకల్లో పెరిగింది 154 శాతమే, ఆ సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. మీ ప్రయోగం ఎలుకల మీద. పైగా పైపెరిన్ తనంతట తానే మందులాంటిది కాబట్టి, అది కలిపితే పైపెరిన్ మాత్రమే ఇచ్చే గుంపు ఇంకోటి కావాలి. నా మాట వింటే వదిలేయండి.

ఎలుకల కంటే ముందు కణాలతో చూద్దామనుకుంటే రెండు గుంటలు తప్పించుకోండి. కణాలను పెంచే ద్రవం డీఎంఈఎం హై గ్లూకోజు మీడియంలో ముందే 25 మిల్లీమోలార్ ఉంటుంది, డీఎంఈఎం-ఎఫ్12లో 17.5. అవి కంట్రోల్‌గా పెట్టి దాని మీద గ్లూకోజు పోస్తే మీ ‘మామూలు’ కణానికే షుగర్ ఉంది. 5.5తో మొదలుపెట్టి, ఎక్కువ గ్లూకోజుకు జోడీగా అంతే మన్నిటాల్ పెట్టాలి, లేకపోతే కణం చచ్చింది గ్లూకోజు వల్లో, చిక్కదనం వల్లో తెలియదు. రెండో గుంట కర్క్యుమినే. సీరం లేని పీహెచ్ 7.2 ద్రవంలో 37 డిగ్రీల దగ్గర అరగంటలో 90 శాతం విరిగిపోతుంది. 24 గంటలు కర్క్యుమిన్‌లో ఉంచాం అని రాసేది నిజానికి దాని ముక్కల్లో ఉంచడం.

గాజుపలక
ఆ కర్క్యుమిన్ మన పరీక్ష పద్ధతులను కూడా మోసం చేస్తుంది. దాని రంగు 425 నానోమీటర్ల దగ్గర, కోలినెస్టరేజ్‌ను కొలిచే ఎల్మన్ పద్ధతి చదివేది 412 దగ్గర. గొట్టంలో కర్క్యుమిన్ నేరుగా పోసి కోలినెస్టరేజ్ నిరోధం చూసేవాళ్లు, థయోఫ్లావిన్ అనే వెలుగిచ్చే రంగుతో అమైలాయిడ్ (అల్జీమర్స్‌లో పేరుకునే ప్రోటీన్) చూసేవాళ్లు ఇక్కడే పడతారు. కర్క్యుమిన్ వెలుగు కూడా ఇస్తుంది. ఎలుకకు తాగించి, తర్వాత మెదడు తీస్తే కణజాలంలో అంత మిగలదు కాబట్టి ఈ భయం తక్కువ.

మీ పనిలో అసలు భయం గ్లూటాథయోన్. ఎల్మన్ కొలతలు: పీహెచ్ 8 ఫాస్ఫేట్ బఫర్ 2.6 మి.లీ., హోమోజెనేట్ (నూరిన కణజాలం) 0.4, డీటీఎన్‌బీ (థయోల్స్‌తో పసుపు రంగు ఇచ్చేది) 0.1 మి.లీ., ఆ తర్వాత ఎసిటైల్‌థయోకోలిన్ 20 మైక్రోలీటర్లు. డీటీఎన్‌బీ వెయ్యగానే కణజాలంలోని థయోల్స్‌తో కలిసి పసుపు రంగు వచ్చేస్తుంది. సారం ఇచ్చిన ఎలుకలో గ్లూటాథయోన్ ఎక్కువ, కాబట్టి అక్కడ ఆ రంగు ఎక్కువ. ఆ పొంగు ఆగకముందే సబ్‌స్ట్రేట్ వేసి చదివితే ఎంజైము పెరిగినట్టు కనిపిస్తుంది. గీత సమంగా నిలిచాకే 20 మైక్రోలీటర్లు వెయ్యండి. సబ్‌స్ట్రేట్ లేని బ్లాంక్ ప్రతి నమూనాకూ విడిగా పెట్టండి. ఇంకోటి, ఈ ఎంజైము చాలావరకు పొరకు అంటుకుని ఉంటుంది. ట్రైటాన్ (పొరను కరిగించే డిటర్జెంటు) వెయ్యకుండా గట్టిగా సెంట్రిఫ్యూజ్ చేసి పై నీళ్లు తీసుకుంటే ఎంజైమంతా అడుగున పారేసినట్టే.

ఎండీఏకు హోమోజెనేట్ వేడి చేసేముందు 0.01 శాతం బీహెచ్‌టీ (ఆక్సీకరణను ఆపే పదార్థం) వెయ్యండి, లేదంటే మరుగుతున్న గొట్టంలోనే కొత్త ఆక్సీకరణ పుడుతుంది. గ్లూటాథయోన్ అదే రోజు చూడండి, మాంసకృత్తులు వెంటనే అవక్షేపించాక.

అన్నాసలై_అద్దం
వాటర్ మేజ్ ఏ నెలలో?

కొరటూరు_కీర
లెక్క ప్రకారం మే. ఎందుకండీ?

అన్నాసలై_అద్దం
మే నెలలో మిద్దె మీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నం చెయ్యి పెట్టలేనంత వేడి. కొలనులో కావలసింది 24 నుంచి 26 డిగ్రీలు. నీళ్లు వెచ్చగా ఉంటే ఎలుక వెతకదు, హాయిగా తేలుతూ ఉంటుంది. మీకు అది మతిమరుపులా కనిపిస్తుంది. ముందు రాత్రే నింపి, పొద్దున ఐస్ దిమ్మలు వేసి కలిపి, నాలుగు చోట్ల థర్మామీటర్ పెట్టి చూడండి. ఇటు వైపు కూడా తప్పు జరుగుతుంది. షుగర్ ఎలుక ఒంట్లో కొవ్వు ఉండదు, 22 డిగ్రీల్లో వణికిపోతుంది. ఈతకూ ఈతకూ మధ్య తువ్వాలుతో తుడిచి, దీపం కింద పెట్టి, పది నిమిషాలు ఆగండి.

కొలను 150 నుంచి 180 సెం.మీ. అడ్డకొలత, మెట్టు నీటికి 1.5–2 సెం.మీ. కింద, రోజుకు నాలుగు ఈతలు, ఐదు రోజులు, ఆరో రోజు మెట్టు తీసేసి ఒక ఈత. నీళ్లు తెల్లబడాలని పాలపొడి కలిపితే మన ఎండకు సాయంత్రానికి పులిసిపోతుంది. విషం లేని తెల్ల పోస్టర్ రంగు వాడండి.

ముఖ్యమైనది కళ్లు. ఈ ఎలుకలకు 8–10 వారాల్లో శుక్లాలు వస్తాయి. గోడ మీది గుర్తులు కనబడకపోతే మెట్టు ఎలా దొరుకుతుంది? ప్రతి ఎలుకకూ జెండా కట్టిన, పైకి కనబడే మెట్టుతో పరీక్ష చెయ్యండి. దాన్ని చేరలేనిది లెక్కలోకి రాదు. ఈత వేగం కూడా విడిగా చూపించండి. అసలు తిప్పలొద్దనుకుంటే కొత్త వస్తువు గుర్తుపట్టే పరీక్ష, వై-మేజ్ ఉన్నాయి, ఎలుక అలసిపోదు. నేనైతే మేజ్‌తో పాటు వాటిలో ఒకటి తప్పక పెడతాను.

ఏ ఎలుక ఏ గుంపుదో ఈత చూసేవాళ్లకు తెలియకూడదు అంటారు. షుగర్ ఎలుక బోను కిందంతా తడి, దూరం నుంచే తెలిసిపోతుంది. కెమెరా, ట్రాకింగ్ సాఫ్ట్‌వేర్‌తో లెక్క కట్టించడం ఒక్కటే దారి.

వల్లారై_పచ్చడి
ఎలుకల సంగతి బాగుంది. ఇది చదివి ఇంట్లో పసుపు గుప్పించే వాళ్లుంటారు కాబట్టి వంటింటి లెక్క కూడా రాస్తాను.

పసుపులో కర్క్యుమినాయిడ్లు రమారమి 3 శాతం. నలుగురికి వండే పప్పులో అర చెంచా, అంటే గ్రామున్నర పసుపు వేస్తే 45 మి.గ్రా., మనిషికి 11. పైన చెప్పిన 2 గ్రాముల కర్క్యుమిన్ కావాలంటే దాదాపు 67 గ్రాముల పసుపు తినాలి. పోనీ ఉన్నదైనా మిగులుతుందా? మైసూరులోని ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ 2007లో చూసింది. వేడికి 27 నుంచి 53 శాతం పోతుంది, కుక్కర్‌లో పది నిమిషాలు ఉడికిస్తే నష్టం అన్నిటికంటే ఎక్కువ. చింతపండు ఉంటే నష్టం 12–30 శాతానికి తగ్గింది. పప్పు కుక్కర్‌లో పెట్టేటప్పుడు కాకుండా చింతపండు రసం పోశాక పసుపు వేస్తే మేలన్నమాట, పులుసు చేసేవాళ్లు ఎటూ అదే చేస్తారు.

సరస్వతి ఆకు పచ్చడి, వారానికి రెండుసార్లు, కూరగా భేషుగ్గా తినండి. మందని లెక్కపెట్టుకోవద్దు. మెంతులు వేరు, హైదరాబాద్ ఎన్‌ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) పరీక్షల్లో రోజుకు 25 గ్రాముల మెంతుల పొడితో టైప్ 2 వాళ్ల గ్లూకోజు తగ్గింది. కానీ అది మెదడుకు చేసే పని కాదు, పేగులో జిగురుగా మారి చక్కెర ఎక్కడాన్ని నెమ్మదింపజేయడం.

పసుపు కొమ్ములు కొని పట్టించుకోండి. మెరుపు పసుపుకు లెడ్ క్రోమేట్ కలిపే కల్తీ ఉంది, సీసం పిల్లల మెదడునూ పెద్దల మెదడునూ వదలదు.

సాలిగ్రామం_2
ఇంట్లో పెద్దవాళ్లు గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ మీద ఉన్నారు. మానుపసుపు మాత్రలు బెర్బెరిన్ పేరుతో ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి, మెదడుకూ మంచిదంటున్నారు. కలపొచ్చా?

మందులచీటీ
డాక్టరుకు చెప్పకుండా కలపకండి. బెర్బెరిన్ గ్లూకోజును నిజంగానే తగ్గిస్తుంది. 2008లో చైనాలో వచ్చిన చిన్న పరీక్షలో 500 మి.గ్రా. రోజుకు మూడుసార్లు ఇస్తే మెట్‌ఫార్మిన్‌కు దగ్గరగా పనిచేసింది. అదే చిక్కు. గ్లిమెపిరైడ్ తిన్నా తినకపోయినా ఇన్సులిన్ వదిలిస్తుంది, దాని మీద ఇది తోడైతే రాత్రిపూట షుగర్ పడిపోతుంది. ఆస్పత్రికి చేర్చేంతగా షుగర్ పడిపోయిన వాళ్లలో తర్వాత డిమెన్షియా ఎక్కువని 2009లో కాలిఫోర్నియా లెక్కలు చూపించాయి. మెదడుకని వేసుకున్న మాత్రే మెదడు మీదికి వస్తుంది. బెర్బెరిన్ కాలేయంలో మందులను విరిచే ఎంజైములు సైప్ 2డీ6, 3ఏ4లను కూడా అడ్డుకుంటుంది. బీపీకి మెటోప్రొలాల్, కొలెస్ట్రాల్‌కు సింవాస్టాటిన్ లాంటివి ఉంటే వాటి మట్టం పెరుగుతుంది. మిరియాల సారం కలిపిన కర్క్యుమిన్ గోళీలదీ అదే బాపతు, ఫిట్స్‌కు ఫెనిటోయిన్ వాడేవాళ్లు మరీ జాగ్రత్త. ఆ గోళీలు మొదలుపెట్టిన నెలల్లో కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురుగా వచ్చినా ఆపేసి కాలేయ పరీక్ష చేయించాలి.

మరుపు అంటున్నారంటే ముందు చూడాల్సింది బీ12. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్లలో, అందులోనూ శాకాహారుల్లో అది పడిపోవడం మామూలు. పరీక్ష కొన్ని వందల రూపాయలు, సరిచేయడం అంతకన్నా చవక. తర్వాత థైరాయిడ్, వినికిడి, బీపీ. బీపీ పై అంకె 120 లోపు ఉంచినవాళ్లలో తేలికపాటి మతిమరుపు తగ్గిందని 2019లో అమెరికా పరీక్ష స్ప్రింట్ మైండ్‌లో తేలింది. షుగర్‌ను అదేపనిగా గట్టిగా దించిన అకార్డ్ మైండ్ పరీక్షలో మాత్రం 2011లో జ్ఞాపకానికి లాభం కనబడలేదు.

మొక్కల మందుల్లో పెద్ద పరీక్షకు నిలిచి చూపించినది ఇంకా లేదు. గింకో (ఒక చెట్టు ఆకు సారం) 120 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, 3,069 మంది, 2008, డిమెన్షియా ఆగలేదు. రెస్వెరట్రాల్ (ద్రాక్ష తొక్కలో ఉండేది) 119 మంది అల్జీమర్స్ రోగుల మీద 2015లో, గుళికలు వేసుకున్నవాళ్లలో మెదడు పరిమాణం ఇంకాస్త ఎక్కువ తగ్గింది. ఎలుకల్లో ఈ రెండూ బ్రహ్మాండంగా పనిచేసినవే.

నిదానంగా
చివరి వాక్యం మన కొరటూరు గారు ఫారం బి మీద పెన్సిల్‌తో రాసుకోవాలి.

సాలిగ్రామం గారూ, జ్ఞాపకశక్తి పరీక్ష చేయిస్తే తెలుగులోనే చేయించండి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్ల న్యూరో కాగ్నిటివ్ టూల్ బాక్స్ ఐదు భాషల్లో ఉంది, తెలుగు అందులో ఒకటి. ఇంట్లో తెలుగు, బయట తమిళం మాట్లాడే పెద్దావిడను తమిళంలో పదాలు గుర్తుపెట్టుకొమ్మంటే వచ్చే తక్కువ మార్కులు భాషవి, మెదడువి కావు.

కొరటూరు_కీర
సవరించాను. ఆరు గుంపులు: మామూలు, మామూలు + బ్రాహ్మి 100, షుగర్, షుగర్ + ఇన్సులిన్, షుగర్ + బ్రాహ్మి 30, షుగర్ + బ్రాహ్మి 100. కర్క్యుమిన్ పూర్తిగా తీసేశాను. గుంపుకు 12, పది వారాలు, షుగర్ తేలిన 7వ రోజు నుంచి సారం, అంటే నివారణ. మేజ్ ఆగస్టుకు మారింది. వై-మేజ్ కలిపాను. సారం 0.5 శాతం సీఎంసీలో (సారాన్ని కలిపే జిగురు ద్రవం) నోటి ద్వారా, మిగతా గుంపులన్నిటికీ ఉత్త సీఎంసీ.

నిదానంగా
కర్క్యుమిన్ వదలడం మంచిపని. ఒక్కటి మిగిలింది. ఇన్సులిన్ గుంపుకు రోజూ సూది పడుతుంది, మిగతావాటికి పడదు. పది వారాల సూది బెదురు మేజ్‌లో కనబడుతుంది. మిగతా ఐదు గుంపులకూ అదే వేళకు అంతే పరిమాణంలో సెలైన్ చర్మం కిందికి ఇవ్వండి. ఇన్సులిన్‌ను బట్టి గ్లూకోజు సరిచూసే రోజుల్లో తోక రక్తం కూడా అన్నిటి నుంచీ తియ్యాలి.

గాజుపలక
పది వారాలకు సరిపడా సారం ఒకే బ్యాచ్‌లో తియ్యండి. 100 డోసు గుంపులు రెండు, 30ది ఒకటి, ఎలుక 250 గ్రాములనుకుంటే రోజుకు 0.7 గ్రాములు, 70 రోజులకు దాదాపు 50 గ్రాములు. పరీక్షలకు, ఒలికేదానికి కలిపి 80 తీసి, నైట్రోజన్ పట్టించి, చిన్న సీసాల్లో ఫ్రిజ్‌లో పెట్టండి. మొదటి వారం, ఐదో వారం, పదో వారం బకోసైడ్లు మళ్లీ కొలవండి. పది శాతం దిగితే ఆ సంగతి థీసిస్‌లో రాయాలి.